వెండి మట్టితో నగలు: ఇంట్లోనే చేయొచ్చా? మొదలుపెట్టే ముందు తెలుసుకోవాల్సినవి

ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్లలో వెండి అంటే మెట్టెలు, పట్టీలు, దేవుడి గదిలో కుందులు. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పనికోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఊరు మారినా ఈ అలవాటు మార్చుకోలేదు. కొనడం అలవాటే కానీ, చేయడం మాత్రం ఎప్పుడూ కంసాలి పనే.

ఈ ఊరున్న పశ్చిమ మేదినీపూర్ జిల్లాకు నగల పనిలో దేశమంతా పేరుంది. ఇదే జిల్లాలోని దాస్‌పూర్, ఘాటాల్ ప్రాంతాల నుంచి వేలమంది యువకులు ముంబయి, దిల్లీ, సూరత్ లాంటి నగరాలకు వెళ్లి బంగారం పనివాళ్లుగా బతుకుతున్నారు. 2020 లాక్‌డౌన్‌లో వాళ్లు మూకుమ్మడిగా ఇళ్లకు తిరిగొచ్చినప్పుడే, ఈ పని ఎన్ని కుటుంబాలను పోషిస్తోందో బయటివాళ్లకు తెలిసింది. అయితే ఆ పని నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. తీగ లాగడం, టంకం పెట్టడం, ఆకురాయి పట్టడం వంటివన్నీ ఒక పనివాడి పక్కన కూర్చుని, తిట్లు తింటూ నేర్చుకోవాల్సినవే. ఆడవాళ్లకు ఆ పీట దగ్గర చోటు దొరకడం ఇంకా అరుదు.

అందుకే 'సిల్వర్ మెటల్ క్లే' వీడియోలు చూసినవాళ్లకు ఆశ పుడుతుంది. ఓ మెత్తటి ముద్దను చపాతీలా ఒత్తుతారు, ఆకునో అచ్చునో అద్దుతారు, ఆరబెట్టి మంటలో కాలుస్తారు, బ్రష్‌తో రుద్దుతారు. లోపల నుంచి స్వచ్ఛమైన వెండి మెరుస్తూ బయటపడుతుంది. ఇందులో మోసమేమీ లేదు, నిజంగానే అలా జరుగుతుంది. కానీ ఆ ముద్ద వెండికంటే ఖరీదని, పైకి బాగా కనిపించే ముక్క లోపల కాలకపోతే బిస్కెట్‌లా విరిగిపోతుందని, అందరూ ముందుగా చేయాలనుకునే మెట్టెలకే ఇది సరిపోదని ఆ వీడియోలు చాలావరకు చెప్పవు.

పేరుకే మట్టి

ఇందులో మట్టి రేణువు ఒక్కటి కూడా ఉండదు. ఉండేది మైక్రాన్ల పరిమాణంలోని వెండి పొడి, నీళ్లు, ఆ రెంటినీ పట్టి ఉంచే సేంద్రియ జిగురు. మిథైల్ సెల్యులోజ్ లాంటి మొక్కల పీచు నుంచి వచ్చే పదార్థాలను జిగురుగా వాడతారు. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యే రకాల్లో బరువులో సుమారు 90 శాతం వెండే.

దీన్ని 1990ల తొలినాళ్లలో జపాన్‌లో అభివృద్ధి చేశారు. మిత్సుబిషి మెటీరియల్స్‌లో మసాకి మొరికావా కనిపెట్టిన ముద్ద 'ప్రెషస్ మెటల్ క్లే' పేరుతో వచ్చింది. దాన్నే పీఎంసీ అంటారు. అదే దశకంలో ఐదా కెమికల్ ఇండస్ట్రీస్ 'ఆర్ట్ క్లే సిల్వర్' తెచ్చింది. అమెరికాలో టిమ్ మెక్‌క్రైట్ లాంటి లోహశిల్పులు పాఠాలు చెప్పి, పుస్తకాలు రాశాక ఇది ఇంటి వంటగదిలో చేసుకునే కళగా వ్యాపించింది.

ఖరగ్‌పూర్ నుంచి ఆద్రా వెళ్లే రైలెక్కితే బాంకుడా వస్తుంది. ఆ పట్టణం పక్కనే ఉన్న బిక్నాలో డోక్రా కళాకారులు ఉన్నారు. వాళ్లు మట్టి బొమ్మ మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన చోట ఇత్తడి పోస్తారు. అక్కడ మట్టి లోహానికి ఆకారమిచ్చి చివర్లో పగిలిపోతుంది. వెండి మట్టిలో జరిగేది దీనికి తలకిందులు. ఇక్కడ పోసేదేమీ ఉండదు, చేతిలో ఉన్న ముద్దే లోహంగా మారుతుంది.

మంటలో ఏం జరుగుతుంది?

వేడి ఎక్కగానే ముందు జిగురు కాలిపోతుంది. కాస్త పొగ, చిన్న మంట కనిపిస్తాయి. ఆ తర్వాత మిగిలేది ఒకదానికొకటి ఆనుకుని ఉన్న వెండి రేణువులు మాత్రమే. ఈ దశలో ముక్కను ముట్టుకుంటే పొడైపోతుంది. వేడి ఇంకా పెరిగితే రేణువులు కరగకుండానే, ఆనుకున్న చోట అతుక్కోవడం మొదలుపెడతాయి. పరమాణువులు ఒక రేణువు నుంచి మరో రేణువులోకి కదులుతాయి, మధ్యలో ఉన్న ఖాళీలు మూసుకుపోతాయి. ఇంజినీరింగ్ విద్యార్థులు దీన్ని సింటరింగ్ అనే పేరుతో చదువుకుంటారు. యంత్ర భాగాలను పొడి లోహంతో తయారుచేసే పరిశ్రమ అంతా ఈ సూత్రం మీదే నడుస్తుంది.

వెండి 961.8 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. వెండి మట్టిని దానికంటే తక్కువలోనే కాల్చాలి. ఉదాహరణకు పీఎంసీ3 రకానికి తయారీదారు చెప్పే కనీస లెక్కలు 599 డిగ్రీల వద్ద 45 నిమిషాలు, 650 వద్ద 20 నిమిషాలు, 699 వద్ద 10 నిమిషాలు. ఇవి కనీసాలు మాత్రమేనని గుర్తుపెట్టుకోవాలి. బలం కావాలంటే 900 డిగ్రీల వద్ద రెండు గంటలు ఉంచడం మంచిదని అనుభవం ఉన్నవాళ్లు చాలామంది చెబుతారు. పదినిమిషాల్లో తీసిన ముక్క, రెండు గంటలు ఉంచిన ముక్క మెరుగు పెట్టాక చూడటానికి ఒకేలా ఉంటాయి. వంచితేనే తేడా తెలుస్తుంది.

ఖాళీలు మూసుకుపోతాయి కాబట్టి ముక్క కుంచించుకుపోతుంది. పీఎంసీ తొలి రకం దాదాపు 28 శాతం తగ్గేది. ఇప్పటి రకాలు సుమారు 8 నుంచి 15 శాతం తగ్గుతాయి. ఈ లెక్క పొడవుకు సంబంధించినది. పొడవు, వెడల్పు, మందం మూడూ పది శాతం చొప్పున తగ్గితే పరిమాణం 27 శాతం తగ్గినట్టు. లోపలి చుట్టుకొలత 54 మిల్లీమీటర్లు ఉండాల్సిన ఉంగరాన్ని, పది శాతం తగ్గే మట్టితో అయితే 60 మిల్లీమీటర్లకు చేయాలి. కొత్తవాళ్ల మొదటి ఉంగరం చిటికెన వేలికే పట్టడానికి ఎక్కువగా ఈ లెక్క మర్చిపోవడమే కారణం.

దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు

కాల్చాక మిగిలేది 999 స్వచ్ఛత గల వెండి. వినడానికి గొప్పగా ఉన్నా, నగకు అది బలహీనతే. స్వచ్ఛమైన వెండి మెత్తన. అందుకే నగల్లో రాగి కలిపిన 925 స్టెర్లింగ్‌ను ఎక్కువగా వాడతారు. పైగా మట్టి నుంచి వచ్చిన వెండిలో ఎంత బాగా కాల్చినా సూక్ష్మమైన రంధ్రాలు కొన్ని మిగులుతాయి. పోత పోసిన వెండి అంత, రేకుగా సాగగొట్టిన వెండి అంత గట్టిదనం దానికి రాదు.

ఇప్పుడు మెట్టెలు ఎలా ఉంటాయో చూద్దాం. మామూలు మెట్టె చుట్టు పూర్తిగా మూసి ఉండదు. వేలికి తగ్గట్టు తెరిచి, నొక్కి, మళ్లీ సర్దుతుంటారు. రోజంతా చెప్పుకో, గచ్చుకో రాసుకుంటూ ఉంటుంది. మాటిమాటికీ వంగడం, ఒరుసుకోవడం రెండూ వెండి మట్టికి పడనివే. కొన్నాళ్లకే పగులు కనిపిస్తుంది. పట్టీల గొలుసుకు సన్నని లంకెలు కావాలి. అది తీగ పని, మట్టి పని కాదు. ఈ రెండింటికీ కంసాలి దగ్గరికి వెళ్లడమే తెలివైన పని.

బరువు మోయనివి, వంగనివి, చెక్కడం ఎక్కువగా ఉన్నవి మాత్రం దీనితో అద్భుతంగా వస్తాయి. లాకెట్లు, జుమికీలకు వేలాడే బిళ్లలు, చిన్న వినాయకుడి ముఖం, మొక్కుబడికి ఇచ్చే బుల్లి ప్రతిమలు ఈ కోవలోవే. ముగ్గు గీతల్ని రబ్బరు స్టాంపు మీద చెక్కించి అద్దితే గీత గీతా దిగుతుంది. రావి ఆకు ఈనెల వైపు వెండి మట్టి పేస్టును పల్చగా పూసి, ఆరనిచ్చి, మళ్లీ పూసి, అలా పదీ పన్నెండు పూతలు వేసి కాలిస్తే ఆకు బూడిదైపోయి దాని ఈనెలతో సహా వెండి ఆకు మిగులుతుంది. ఏళ్ల అనుభవమున్న కంసాలి కూడా సుత్తితో ఇంత సులువుగా చేయలేని పని ఇది.

ఉంగరం చేయాలనుకుంటే పట్టీ కాల్చాక కూడా కనీసం ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉండేలా చూసుకోవాలి. కిల్న్‌లో పూర్తి సమయం కాల్చాలి. మంటతో కాల్చిన ఉంగరాన్ని ఎవరికీ అమ్మకపోవడమే మంచిది.

ఖర్చు ఎక్కడ?

2025 అక్టోబరు ధనత్రయోదశి నాటికే దేశంలో వెండి ధర కిలో ఒకటిన్నర లక్షల రూపాయలు దాటింది. అంటే గ్రాము 150 రూపాయలు. 10 గ్రాముల వెండి మట్టి ప్యాకెట్లో ఉండే వెండి దాదాపు 9 గ్రాములు. ఆ లెక్కన లోహం విలువే 1,350 రూపాయలు. ప్యాకెట్ ధర దీనికంటే చాలా ఎక్కువ ఉంటుంది. పొడి తయారీ ఖర్చు, బ్రాండు, దిగుమతి సుంకం, రవాణా అన్నీ దాని మీద పడతాయి. భారత్‌లో ఇది ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. కొనేముందు ప్యాకెట్ ఎప్పటిదో అడగాలి. పాతబడి గట్టిపడిన మట్టి కొత్తవాళ్ల చేతిలో పగుళ్లిస్తుంది.

25 మిల్లీమీటర్ల పొడవు, 20 వెడల్పు, ఒకటింపావు మందం ఉన్న లాకెట్ పూర్తయ్యాక సుమారు ఆరు గ్రాములు తూగుతుంది. అంటే ఒక ప్యాకెట్‌కు ఒక లాకెట్, ఒక జత చిన్న బిళ్లలు. అదే బరువున్న పోత లాకెట్ దుకాణంలో ఇంతకంటే తక్కువకు దొరుకుతుంది. కాబట్టి దీన్ని చౌకగా వెండి నగలు చేసుకునే దారి అనుకుంటే నష్టమే. మార్కెట్లో దొరకని ఆకారం చేయగలిగితేనే, ఆ ఆకారానికి డబ్బిచ్చే కొనుగోలుదారు ఉంటేనే ఇది గిట్టుబాటవుతుంది.

ఒక ఊరట ఉంది. వెండి వృథా కాదు. ఆరిపోయినా కాల్చని ముక్కల్ని పొడిచేసి, నీళ్లు కలిపి మళ్లీ ముద్ద చేసుకోవచ్చు. ఆకురాయి పట్టినప్పుడు రాలిన పొడి పేస్టుకు పనికొస్తుంది. కాల్చాక పాడైన ముక్కను పాత వెండి కింద అమ్ముకోవచ్చు. అప్పుడు పోయేది ముద్దకు పెట్టిన అదనపు ధర మాత్రమే.

పనిముట్లకు పెద్దగా పెట్టాల్సింది లేదు. అప్పడాల కర్ర బదులు నున్నటి పీవీసీ పైపు ముక్క సరిపోతుంది. మందం సమానంగా రావడానికి ముద్దకు రెండు వైపులా పేకముక్కల దొంతరలు పెట్టి వాటి మీద పైపు దొర్లించాలి. నాలుగు ముక్కలంటే దాదాపు ఒక మిల్లీమీటరు. సన్నని బ్లేడు, చిన్న కుంచె, 400 నుంచి 1200 దాకా ఇసుక కాగితాలు, స్టీలు లేదా ఇత్తడి తీగల బ్రష్, చేతికి అంటుకోకుండా రాసుకోవడానికి ఓ చుక్క ఆలివ్ నూనె ఉంటే చాలు. అల్యూమినియాన్ని మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. గిన్నె మూత మీద ఒత్తినా, ఫాయిల్‌లో చుట్టినా అల్యూమినియం అంటుకుని, కాల్చినప్పుడు వెండిని చెడగొడుతుంది. మన వంటగదుల్లో సగం సామాను అదే కాబట్టి ఈ ఒక్క విషయంలో జాగ్రత్త అవసరం.

పెద్ద ఖర్చు కిల్న్‌దే. ఉష్ణోగ్రతను, సమయాన్ని తనే చూసుకునే చిన్న విద్యుత్ కొలిమి ఇది. మొదటి రోజే కొనాల్సిన పనిలేదు. కొన్నా, దాన్ని మామూలు ప్లగ్‌లో పెట్టకుండా ఇంటి వైరింగ్ ఎంత లోడు తట్టుకుంటుందో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకున్నాకే వాడాలి. పాత క్వార్టర్లలో ఉండేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

మొదటి లాకెట్

ప్యాకెట్ విప్పేముందు అదే నమూనాను గోధుమపిండి ముద్దతోనో, పిల్లల బంకమట్టితోనో రెండు మూడుసార్లు చేసి చూడాలి. వెండి మట్టి గాలి తగిలిన కొద్ది నిమిషాల్లోనే ఆరడం మొదలవుతుంది. ఇప్పుడేం చేద్దామా అని ఆలోచిస్తూ కూర్చుంటే అంచులు పగులుతాయి. ఫ్యాన్ ఆపేయాలి. మే నెలలో ఖరగ్‌పూర్‌లో ఈ మాట చెప్పడం తేలికే, పాటించడం కష్టం. తెల్లవారుజామున పని పెట్టుకోవడం మేలు.

కావలసినంత ముద్ద తీసుకుని మిగిలినది వెంటనే ప్లాస్టిక్ పొరలో చుట్టి, తడి స్పాంజితో పాటు గాలి చొరని డబ్బాలో పెట్టాలి. ముద్దను పేకముక్కల మధ్య ఒకసారి కాస్త మందంగా ఒత్తి, అచ్చు మీద పెట్టి మళ్లీ ఒత్తితే ముద్ర లోతుగా పడుతుంది. తర్వాత బ్లేడుతో ఆకారం కోయాలి. ఎండుతున్న అంచు మీద పగులు కనిపిస్తే నీళ్లు చల్లి రుద్దొద్దు. పైకి పూడినట్టు కనిపించినా లోపల అలాగే ఉంటుంది. తడి కుంచెతో పేస్టు పెట్టి నింపాలి.

ఆ తర్వాత పూర్తిగా ఆరనివ్వాలి. ఎక్కువ ముక్కలు పాడయ్యేది ఈ దశలో తొందరపడటం వల్లే. లోపల తడి మిగిలిన ముక్కను మంటలో పెడితే ఆవిరి పొంగి పొర లేస్తుంది, ఒక్కోసారి ముక్క చిట్లిపోతుంది. ఎండాకాలంలో కొన్ని గంటలు చాలు. జులై, ఆగస్టుల్లో బెంగాల్ గాలిలో తేమకు ఒక రోజంతా పెట్టినా నమ్మకం ఉండదు. అప్పుడు హెయిర్ డ్రయర్ గానీ, కప్పు వేడిగా ఉంచే చిన్న ప్లేటు గానీ వాడాలి. ఆరిందో లేదో చూడటానికి ఒక ఉపాయం ఉంది. వెచ్చటి ముక్కను అద్దం మీద కొన్ని సెకన్లు పెట్టి తీయాలి. అద్దం మీద ఆవిరి మరక పడితే ఇంకా ఆరలేదని అర్థం.

ఎండిన ముక్క అప్పడంలా పెళుసుగా ఉంటుంది. నునుపు చేయడం, అంచులు గుండ్రంగా తిప్పడం, డ్రిల్ బిట్‌ను వేళ్లతో తిప్పుతూ కొక్కేనికి రంధ్రం పెట్టడం అన్నీ ఇప్పుడే చేసేయాలి. ఇక్కడ పది నిమిషాల్లో పోయే గీతకు, కాల్చాక గంట పడుతుంది. ఇసుక కాగితం పట్టేటప్పుడు మాస్క్ పెట్టుకోవాలి.

కాల్చడం

కిల్న్ లేనివాళ్లకు దారి బ్యూటేన్ టార్చి. హోటళ్లలో వంటవాళ్లు వాడే చిన్న మంట గొట్టం అది. 25 గ్రాముల లోపు, పెద్ద నాణెం అంత ముక్కలకే దీన్ని వాడాలి. కొన్ని రకాల వెండి మట్టిని గ్యాస్ పొయ్యి మీద స్టీలు జాలీ పెట్టి కూడా కాలుస్తారు. కానీ వేడి ఎంత ఎక్కిందో అందులో తెలియదు.

ముక్కను వేడి తట్టుకునే ఇటుక మీద పెట్టి, గది వెలుతురు తగ్గించి, కిటికీ తెరిచి పని మొదలుపెట్టాలి. మంటను ఒకే చోట నిలపకుండా చుట్టూ తిప్పుతూ ఉండాలి. ముందు పొగ, చిన్న మంట వస్తాయి. తర్వాత ముక్క తెల్లబడుతుంది. ఇంకాస్త వేడికి లేత నారింజ రంగులో వెలగడం మొదలవుతుంది. గడియారం అప్పుడు చూడాలి. ఆ రంగు పోకుండా, పెరగకుండా కనీసం రెండు నిమిషాలు ఉంచాలి. ఉపరితలం అద్దంలా తళుక్కుమంటే కరగడం మొదలైనట్టే, వెంటనే మంట తీసేయాలి. ఇనుము రంగు చూసి వేడి చెప్పగలిగే రైల్వే వర్క్‌షాప్ కమ్మరి ఇంట్లో ఎవరైనా ఉంటే, పక్కన కూర్చోబెట్టుకోదగిన మనిషి ఆయనే.

టార్చికి వేసే గ్యాస్ డబ్బాల్ని కోల్‌కతాలో కొని లోకల్ రైల్లో తెచ్చుకుందామనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. రైలు ప్రయాణంలో మండే గ్యాసు వెంట తీసుకెళ్లడం నిషేధం.

రాళ్లు పొదగాలనుకుంటే మట్టి తడిగా ఉన్నప్పుడే కూర్చి, రాయితో సహా కాల్చవచ్చు. కానీ అన్ని రాళ్లూ తట్టుకోవు. క్యూబిక్ జిర్కోనియా, ల్యాబ్‌లో చేసిన కెంపు, నీలం సాధారణంగా తట్టుకుంటాయి. ముత్యం, పగడం లాంటివాటిని మంటలో పెట్టకూడదు. తెలుగువారికి ఇష్టమైన ఎర్రరాళ్ల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. మార్కెట్లో దొరికే చవక సహజ కెంపుల్లో చాలావాటి పగుళ్లను సీసం కలిసిన గాజుతో నింపుతారు. అవి వేడికి పాడైపోతాయి. రాయి ఉన్న ముక్కను కాల్చాక నీళ్లలో ముంచి చల్లార్చకూడదు.

చల్లారిన ముక్క సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. అది పూత కాదు. రేణువుల గరుకుతనం వల్ల వెలుతురు చెదిరి అలా కనిపిస్తుంది. సబ్బునీళ్లతో తీగ బ్రష్ పెట్టి రుద్దితే ఆ గరుకు అణిగి వెండి బయటపడుతుంది. నున్నటి అగేట్ రాయితో ఒత్తి రాస్తే అద్దంలా మెరుస్తుంది.

దాంతో పని అయిపోయిందనుకోకూడదు. ప్రతిసారీ లాకెట్‌తో పాటు అదే మట్టితో, అదే మందంలో ఒక చిన్న పట్టీ కూడా కాల్చుకోవాలి. చల్లారాక దాన్ని పట్టకారుతో పట్టుకుని నెమ్మదిగా వంచాలి. వంగితే లాకెట్ కూడా బాగానే కాలినట్టు. పుటుక్కున విరిగి, విరిగిన చోట సుద్దలా కనిపిస్తే కాలలేదని అర్థం. అలాంటి లాకెట్‌ను పారేయక్కర్లేదు, మళ్లీ ఎక్కువసేపు కాలిస్తే చాలావరకు బాగుపడుతుంది. పట్టీకి అయ్యే ఖర్చు గ్రాము మట్టి కూడా కాదు. అయినా కొత్తవాళ్లు ఎక్కువగా ఎగ్గొట్టేది దీన్నే. పగుళ్లిచ్చిన నగను వారం తర్వాత వెనక్కి తెచ్చే కొనుగోలుదారు రెండోసారి రారు.

అమ్మాలంటే

విదేశాల్లో ఇలాంటి నగల మీద తయారుచేసినవాళ్లే 999 అని ముద్ర కొట్టుకుంటారు. భారత్‌లో బీఐఎస్ హాల్‌మార్క్ అలా వేసుకునేది కాదు. బీఐఎస్‌లో నమోదైన వ్యాపారి, గుర్తింపు పొందిన పరీక్షా కేంద్రంలో పరీక్ష చేయించాకే ఆ ముద్ర పడుతుంది. వెండికి హాల్‌మార్కింగ్ బంగారంలా తప్పనిసరి కాదు, స్వచ్ఛందం. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండికి కూడా హెచ్‌యూఐడీ సంఖ్యతో కూడిన విధానం వచ్చింది. సవరించిన ప్రమాణంలో 958తో పాటు 999 స్వచ్ఛతను కూడా చేర్చారు. వెండి మట్టితో పనిచేసేవాళ్లకు ఇది కలిసొచ్చే మార్పు. అంతకుముందు ప్రమాణంలో అన్నిటికంటే పై మెట్టు 990.

ముద్ర లేకుండా అమ్మినా, ఏ మట్టి వాడారో, ఎలా కాల్చారో, ఏ భాగాలు వేరే వెండివో బిల్లు మీద రాసివ్వడం మంచిది. ఎందుకంటే లాకెట్ 999 అయినా, దానికి వేసిన కొక్కెం, గొలుసు సాధారణంగా 925వే అయి ఉంటాయి.

కంసాలిని వదులుకోవద్దు

వెండి పనిలో ఖరగ్‌పూర్‌కు అందుబాటులో ఉన్న గొప్ప సంప్రదాయం హావ్‌డా-చెన్నై మార్గంలోనే ఉంది. అది కటక్. అక్కడి తారకసి పనికి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. తెలంగాణలో కరీంనగర్ ఫిలిగ్రీకి కూడా ఆ గుర్తింపు ఉంది. వెంట్రుకంత సన్నగా లాగిన వెండి తీగల్ని మెలిపెట్టి, అమర్చి, వెలిగారం చల్లి టంకంతో అతికే ఆ పనిని మట్టి ఏ రకంగానూ భర్తీ చేయలేదు. సిరంజిలో పేస్టు నింపి గీతలు గీస్తే తారకసిలా కనిపించే డిజైన్ వస్తుంది. అయితే అది తీగ కాదు, ఒత్తితే విరుగుతుంది. దాన్ని తారకసి అని పేరు పెట్టి అమ్మడం కొన్నవారికీ, కటక్ పనివారికీ అన్యాయమే.

కొన్నాళ్లు చేశాక చాలామంది చేరుకునే పద్ధతి వేరే ఉంది. వెండి మట్టితో ఒక్క నమూనా చేస్తారు. దాని నుంచి రబ్బరు అచ్చు తీయించి, మిగతా కాపీలన్నీ పోత పనివాళ్ల దగ్గర 925 వెండిలో పోయించుకుంటారు. ఖరీదైన మట్టి ఒక్కసారే ఖర్చవుతుంది, చేతిలో పుట్టిన ఆకారం పోదు, నగ గట్టిగా ఉంటుంది. ఈ దారిలో మెట్టెల మీది పువ్వును కూడా మట్టిలో చేసి, చుట్టును కంసాలితో వేయించుకోవచ్చు. అచ్చులోనూ పోతలోనూ ఆకారం మళ్లీ కొద్దిగా తగ్గుతుంది కాబట్టి, నమూనాను ఎంత పెద్దగా చేయాలో పోత పోసేవాళ్లను ముందే అడిగి మొదలుపెట్టాలి.